చాడీ విన్న చెవి: బొబ్బిలి కథపై ఒక విమర్శ



నా చిన్ననాట నౌపడ ఉప్పు మళ్ళలో పని ముగిసిన రాత్రులందు బొబ్బిలి కథ చెప్పించుకొనుట మామూలు. భోజనములు కాగానే ఊరి నడుమ పందిరి క్రింద జనము చేరెడివారు. కథకుడు తంబుర మీటుచు అడుగులు వేయును. ఇరుప్రక్కల వంతలిద్దరు గుమ్మెటలు వాయించుచు తందాన పలుకుదురు. తెల్లవారుజామున తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారములో దూరు ఘట్టము వచ్చువరకు పిల్లలము సైతము కన్ను మూసెడివారము కాము. ఆ ఘట్టము కాగానే అందరును తృప్తిగా చాపలు చుట్టుకొని ఇండ్లకు పోయెడివారు.

ఈ కథ 1964లో "బొబ్బిలి యుద్ధం" అను పేర చలనచిత్రముగా వచ్చెను. నేను దానిని చాల ఏండ్ల తరువాత ఒక డేరా సినిమాలో నేలమీద కూర్చుండి చూచితిని. నేడు మన పిల్లలు దానినే చేతిలోని ఫోనులో చూచుచున్నారు.

"పాస్టరుగారికి సినిమాలతోను యుద్ధపు కథలతోను పనియేమి?" అని ఎవరైన అడుగవచ్చును. మన సంఘములలో ఈ కథ తెలియని ఇల్లు లేదు. బాగుగా తెలిసిన కథ మనకు తెలియకుండనే మనకు బుద్ధి నేర్పుచుండును. అది ఏ బుద్ధి నేర్పుచున్నదో చూచుట కాపరి పనియే గదా. కథ వినవద్దని నేను చెప్పుట లేదు. దానిలో ఒక గొప్ప లోపమున్నదనియు, ఆ లోపము మన సంఘములకు హాని చేయుచున్నదనియు మాత్రము చెప్పబూనితిని.

మొదట చరిత్రను జ్ఞాపకము చేసికొందము. 1753లో హైదరాబాదు నిజాము సలాబత్ జంగు మన చికాకోలు సర్కారుతో కూడ నాలుగు సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చెను. వారి సేనాపతి బుస్సీ. విజయనగరమున పూసపాటి విజయరామరాజును, బొబ్బిలిలో రంగారావును పాలించుచుండిరి. ఆ రెండు ఇండ్ల నడుమ ఏటి నీళ్ళను గూర్చియు, సరిహద్దులను గూర్చియు, పరువును గూర్చియు పాత పగ కలదు. బుస్సీ ఈ ప్రాంతమునకు వచ్చినప్పుడు విజయరామరాజు సైన్యముతో ఆయనను కలిసికొని, ఆయన ప్రక్కనే నిలిచెను. రంగారావు ఆ దాపునకు రాలేదు.

రాబర్టు ఓర్మ్ అను ఆంగ్లేయుడు ఆ కాలపు యుద్ధముల చరిత్ర వ్రాసెను. బొబ్బిలి సంగతి ఉన్న రెండవ సంపుటము 1778లో అచ్చాయెను. ఆయన వ్రాసినది ఇది. బొబ్బిలి అడవిదారిన ఒక సిపాయిల దండు పోవలసివచ్చి రంగారావు అనుమతి అడుగగా, ఆయన ఇచ్చెను. అయినను దారిలో ఆ దండు మీద దాడి జరిగి కొందరు సిపాయిలు చచ్చిరి. ఇది విజయరామరాజు పన్నిన పన్నాగమో, లేక రంగారావే పగతో చేయించెనో ఓర్మ్ తేల్చి చెప్పలేదు. ఆ కోపపు ఘడియను విజయరామరాజు తన పనికి వాడుకొనెనని మాత్రము వ్రాసెను. బుస్సీ ఫిరంగులతో బయలుదేరెను. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట కూలెను. ఇక ఆశ లేదని తెలిసినప్పుడు కోటలోనివారు తమ ఇండ్లకు నిప్పు పెట్టి, తమ స్త్రీలను, పిల్లలను తమ చేతులతోనే చంపుకొనిరి. రంగారావు పోరాడి కూలెను. మూడవ రాత్రి బొబ్బిలి బంట్లు గుడారములో దూరి విజయరామరాజును పొడిచి చంపిరి.

ఈ కథను చెప్పినవారు తక్కువవారు కారు. పెద్దాడ మల్లేశం పేరిట బొబ్బిలి పాట కలదు. దిట్టకవి నారాయణకవి దీనిని రంగరాయచరిత్రమను కావ్యముగా వ్రాసెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకముగా వ్రాసిరి. చలనచిత్రములో ఎన్.టి. రామారావు రంగారావుగాను, భానుమతి మల్లమ్మగాను, ఎస్.వి. రంగారావు పాపారాయుడుగాను నటించిరి.

ఈ కథకున్న మేలును ముందుగా ఒప్పుకొనవలెను. ఇది ఓడినవారి కథ. గెలిచినవారిని పొగడుటకు లోకములో పాటలు తక్కువ లేవు. కూలిన కోట కొరకు, కాలిన ఇండ్ల కొరకు రెండువందల ఏండ్లకు మించి ఏడ్చుచు పాడుట గొప్ప హృదయమునకు గుర్తు. రాజాములో నున్న పాపారాయుడు, వార్త ఆలస్యముగా అంది, బూడిదయైన కోటలోనికి వచ్చు ఘట్టములో ఎస్.వి. రంగారావుగారి ముఖము చూచి నేను కంట తడి పెట్టితిని. ఈ రాజాము మన జిల్లాలోనే యుండి, 2022లో విజయనగరము జిల్లాలో చేరినది. ఆ దారిన బస్సులో పోవునప్పుడెల్ల నాకు ఆ ముఖమే జ్ఞప్తికి వచ్చును.

ఇక లోపమునకు వత్తము. కథ చెప్పువారు నేరమంతయు ఒకే నాలుకమీద పెట్టిరి. విజయరామరాజు చాడీకోరు, కనుక కోట కూలెను అని కథ. సినిమాలో రాజనాలగారి చూపు, నవ్వు కనబడగానే ఇతడే పాపి యని పసిబిడ్డయైన చెప్పగలడు. మరి ఫిరంగులు ఎవరివి? వాటిని కాల్చుమని ఆజ్ఞ ఇచ్చినది ఎవరు? బుస్సీ. ఆయనను మాత్రము కథ జాలితో విడిచిపెట్టుచున్నది. పరదేశి, మన భాష తెలియదు, మోసపోయెను, చివరకు పశ్చాత్తాపపడెను అని సరిపెట్టుచున్నది. చెప్పిన నోరు దోషి, విన్న చెవి నిర్దోషి. ఇదే కథ మనకు నేర్పు బుద్ధి.

బుస్సీ నిజముగా తెలియక మోసపోయెనా? కొంచెము ఆలోచింపుడు. ఆయనకు విజయరామరాజుతో అవసరమున్నది. వసూలు చేసిపెట్టు చేయి ఆయనదే, తోడు వచ్చిన సైన్యము ఆయనదే. ఎవని వలన మనకు లాభమున్నదో వాని మాట మనకు సత్యమువలె వినబడును. ఎవడు మన దాపునకు రాడో వాని మౌనము నేరమువలె కనబడును. ఆ ఇద్దరి పాత పగ దేశమంతయు ఎరిగినదే. పగవాడు చెప్పిన మాటను పగవాని మాటగా తూచవలెనని సేనాపతికి తెలియదా? తెలియును. కాని తూచుటకు ఓపిక కావలెను, తూచిన పిదప లాభము పోగొట్టుకొనుటకు సిద్ధపడవలెను. కాబట్టి ఆయన చెవి తెలివిలేనిది కాదు, పక్షపాతము గలది.

ఆ కాలపు రాజగృహములలో గుసగుసకు అంత బలమెట్లు వచ్చెనో కూడ తెలిసికొనవలెను. జమీను ఎవని దన్నది వాని కత్తి ఒక్కటే తేల్చెడిది కాదు. పైనున్న ప్రభువు దయ కూడ తేల్చుచుండెను. ఆ ప్రభువులు మారుచుండిరి. నిన్న నిజాము, నేడు ఫ్రెంచివారు, రేపు ఇంగ్లీషువారు. కప్పము బాకీ పడినవానిని తీసివేసి, ఎక్కువ ఇచ్చెదనన్న వానిని కూర్చుండబెట్టుట సులభము. అట్టి దినములలో ప్రభువు చెవిని ముందుగా చేరినవాడే భూమిని చేరినవాడు. దివానులు, దుబాసీలు, రాణివాసపు బంధువులు అందరును ఆ చెవికి దారి కాచుకొని యుండిరి. వినువాడు తలుపు మూసిన యెడల ఆ బేరము ఒక్క దినమైన సాగదు.

రెండవ లోపము దీనికంటె పెద్దది. కథ గుడారముతో ఆగిపోవుచున్నది. చాడీకోరు చచ్చెను, పగ తీరెను, చాపలు చుట్టుకొని ఇంటికి పోవుడు! కాని చరిత్ర అక్కడ ఆగలేదు. గెలిచిన ఇంటిలో తరువాత ఏమి జరిగెనో వినుడు.

చనిపోయిన విజయరామరాజు వెనుక ఆనందరాజు రాజై, ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారితో చేరెను. కొద్ది కాలమునకే ఆయనయు చనిపోయెను. అప్పుడు ఆ వంశములోని ఒక బాలుని దత్తు తీసికొని గద్దెమీద కూర్చుండబెట్టిరి. అతని పేరును విజయరామరాజే. గుర్తు కొరకు చిన విజయరామరాజు అందురు. అతనికి సవతి అన్న సీతారామరాజు. తమ్ముడు రాజు, అన్న దివాను. గద్దె ఒకనిది, అధికారము మరియొకనిది. బాలుడు పెద్దవాడైన కొలది ఆ ఇంటిలో రెండు పక్షములు ఏర్పడెను. ఒకరిమీద ఒకరు చేసిన ఫిర్యాదులు విశాఖపట్టణము నుండి మద్రాసు వరకు కంపెనీ దొరల చెవులకు చేరుచుండెను.

1778లో మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డు జమీందారులను మద్రాసునకు పిలిపించెను. అన్నగారి దివానుగిరి తనకు వలదని చిన విజయరామరాజు మొరపెట్టుకొనినను, గవర్నరు సీతారామరాజునే దివానుగా నిలిపెను. దీని వెనుక సొమ్ము చేతులు మారెనని ఆరోపణ పుట్టెను. రంబోల్డు మీద వచ్చిన అనేక ఆరోపణలలో ఇదియొకటి. 1781లో లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఆయనను కొలువునుండి తొలగించిరి. అన్నదమ్ముల పోరు మాత్రము తొలగలేదు. 1793లో సీతారామరాజును మద్రాసులో కాపురముండుమని పంపివేసిరి. అప్పటికే కప్పపు బాకీలు కొండయై యుండెను. తమ్ముని కూడ మద్రాసుకు రమ్మనిరి. ఆయన పోక, విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న పద్మనాభము చేరి, తనవారితో అక్కడ నిలిచెను. 1794 జూలై 10వ తేదీన కర్నల్ ప్రెండర్గాస్ట్ సేన ఆయనమీద పడెను. ఒక గంటయైన గడువకముందే రాజును, ఆయనను విడువని అనేకమంది క్షత్రియ యోధులును కూలిరి. ఆయన కుమారుడైన బాలుడు నారాయణబాబును మన్యములోనికి తీసికొనిపోయి కాపాడిరి. కొంతకాలమునకు జమీను అతనికి తిరిగి ఇయ్యబడెను.

బొబ్బిలి కూలినది 1757లో, పద్మనాభము 1794లో. నడుమ ముప్పదియేడు సంవత్సరములు. బొబ్బిలిలో పసివాడుగా బ్రదికి బయటపడినది రంగారావు కుమారుడు. పద్మనాభము తరువాత పసివాడుగా కొండలకెక్కినది విజయనగరపు కుమారుడు. ఓడిన ఇంటికిని గెలిచిన ఇంటికిని ఒకే విధమైన కన్నీరు వచ్చెను. పద్మనాభములో ఫ్రెంచివారు లేరు, బొబ్బిలివారు లేరు. ఒకే ఇంటి అన్నదమ్ముల నడుమ అవిశ్వాసము పెరిగెను. ఆ అవిశ్వాసమును విని, దానితో తమ పని జరుపుకొన్న అధికారులుండిరి. కప్పపు బాకీయు, కంపెనీ దురాశయు కూడ కారణములే. అయినను ఆ ఇల్లు ఒక్కటిగా నిలిచినయెడల ఆ భారము వేరు విధముగా మోయబడి యుండెడిదని నేను తలంచుచున్నాను.

ఈ పద్మనాభపు కథను మా ఊరి పందిరి క్రింద నేనెన్నడును వినలేదు. ఎందుకు వినలేదని ఆలోచించితిని. అందులో తిట్టుటకు ఒక్క ముఖము దొరకదు. రాజనాలగారికి ఇయ్యదగిన వేషము లేదు. రాత్రియంతయు విని, తెల్లవారి తృప్తిగా ఇంటికి పోవుటకు వీలులేదు. వినువాడు తనలో తాను చూచుకొనవలసి వచ్చును. బొబ్బిలి కథను పద్మనాభము వరకు చెప్పినచో గుడారములో చచ్చినది మనుష్యుడే గాని చాడీ కాదని మనకు తెలిసియుండును.

రాజగృహపు గుసగుసలను చెప్పు విధము మరియొకటి కలదు. సమూయేలు రెండవ గ్రంథము 16వ అధ్యాయము తీసి చదువుడు. అబ్షాలోమునకు భయపడి దావీదు పారిపోవుచుండగా, సీబా యనువాడు రెండు గాడిదలమీద రొట్టెలు, ఎండు ద్రాక్షలు, ద్రాక్షారసము తెచ్చి ఎదురుపడెను. నీ యజమానుడైన మెఫీబోషెతు ఎక్కడనని రాజు అడుగగా, అతడు రాజ్యము తనకు వచ్చునని ఎదురుచూచుచు యెరూషలేములో నిలిచిపోయెనని చెప్పెను. దావీదు మరియొకరిని అడుగలేదు. నిలుచున్నచోటనే మెఫీబోషెతు ఆస్తియంతయు సీబాకు ఇచ్చివేసెను. 19వ అధ్యాయములో దావీదు తిరిగి వచ్చునప్పుడు, ఆ కుంటివాడు కాళ్ళు కడుగుకొనక, గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉదుకుకొనక ఎదురువచ్చెను. సేవకుడు తనను మోసపుచ్చి, తనమీద కొండెములు చెప్పెనని విన్నవించెను. అప్పుడైనను దావీదు విచారింపలేదు. భూమిని ఇద్దరును పంచుకొనుడని విసుగుతో తేల్చివేసెను.

అక్కడ గ్రంథకర్త ఏమి చేసెనో చూడుడి. సీబాను రాక్షసుని చేయలేదు. అతని నోటిమాటను, అతని గాడిదలను మనకు చూపెను, అంతే. దావీదును దాచలేదు. ఇశ్రాయేలులో ఎన్నదగిన రాజు, కీర్తనలు పాడిన భక్తుడు, ఆకలిగొన్నవేళ రొట్టె తెచ్చినవాని మాట నమ్మి అన్యాయము చేసెనని మన యెదుట పెట్టెను. చదివినవాడు సీబాను తిట్టి ఊరకుండలేడు. తానే దావీదు స్థలములో నిలుచును. బొబ్బిలి కథకులు బుస్సీ విషయములో ఈ పని చేయలేదు. పరిపాలకుడు అబద్ధములు వినువాడైనయెడల అతని కొలువువారందరును చెడిపోవుదురని సామెతల గ్రంథము 29వ అధ్యాయములో జ్ఞాని తెలిపెను. దోషము మొదట ఏ గుమ్మమున ప్రవేశించునో ఆయన ఎరుగును.

ఇంతవరకు బుస్సీని, దావీదును తప్పుపట్టితిని. ఇక నా సంగతి చెప్పక విడిచినచో నేనును గుడారముతో కథ ఆపినవాడనగుదును.

చాల ఏండ్ల క్రిందట ఉద్దానములోని ఒక చిన్న సంఘము నా చేతిక్రింద ఉండెను. అక్కడ ఒక పెద్దాయన కానుకల లెక్క చూచెడివాడు. కోతపండుగ వెళ్ళిన నెలలో మరియొక సహోదరుడు నా యొద్దకు వచ్చి, పెట్టెలోని డబ్బు తగ్గినదనియు, ఆ పెద్ద స్వంతమునకు వాడుకొనెననియు చెప్పెను. చెప్పినవాడు గుడి కప్పునకు రేకులు ఇచ్చినవాడు. ఆ వర్షాకాలము మేము తడియకుండ ఆరాధించినది అతని చలువ వలననే. నేను అతని మాట నమ్మితిని. పెద్దాయనను ఒక్క మాట అడుగకుండ, ఆదివారము ఆరాధన తరువాత లెక్క వేరొకరికి అప్పగించవలసినదని అందరి యెదుట ప్రకటించితిని. ఆయన మారు పలుకక తాళపు చెవి బల్లమీద పెట్టి, జీడితోటల దారిన ఇంటికి నడచిపోయెను.

కొన్ని నెలలకు ఒక విధవరాలు ఏడ్చుచు నా యొద్దకు వచ్చెను. తన కుమార్తె కాన్పు కష్టమై ఆసుపత్రికి చేర్చిన రాత్రి ఆ డబ్బు తనకే ఇచ్చిరనియు, అప్పు సంగతి ఊరిలో తెలిసిన సిగ్గు అని ఎవరికిని చెప్పవద్దని తానే బతిమాలితిననియు చెప్పెను. పెద్దాయన పుస్తకములో తేదీతో, మొత్తముతో, పేరు లేకుండ ఆ పద్దు వ్రాసియే యుండెను. నేను ఆ పుస్తకము తెరువనేలేదు.

నేను ఆయన ఇంటికి పోయి క్షమాపణ అడిగితిని. ఆయన నాకు మంచము వాల్చి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, చాలసేపటికి ఒక మాట అనెను: "అయ్యగారూ, ఆ రోజు నన్నొక్క మాట అడిగితే పోయేది కదండీ." అంతకుమించి ఏమియు అనలేదు. తరువాత ఆదివారము సంఘము యెదుట నా తప్పు ఒప్పుకొంటిని. ఆయన గుడికి వచ్చుట మానలేదు. కాని ఆ పెట్టెను మరల ముట్టలేదు. రేకులిచ్చిన సహోదరుని మీద చాల దినములు నాకు కోపముండెను. పిదప తెలిసినది. అతడు పెట్టె తగ్గుట చూచెను, తనకు తోచినది చెప్పెను. తీర్పు తీర్చినది నేను. నా చెవికి అతని రేకులు అడ్డు వచ్చినవి.

కాబట్టి, ప్రియులారా, బొబ్బిలి కథ విందము. మల్లమ్మ కొరకు, ఆ కోటలోని పిల్లల కొరకు కన్నీరు కార్చుదము. కాని కథ ముగిసిన పిదప పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, బుస్సీ ఎవరిని అడిగియుండవలసినదని వారిని ప్రశ్నింపుడు. పద్మనాభము సంగతి కూడ చెప్పుడు. ఒకడు వచ్చి లేనివాని మీద ఒక మాట చెప్పినప్పుడు, చెప్పినవాని వలన మనకు కలిగిన లాభమేమో ముందుగా చూచుకొందము. లేనివానిని పిలిచి అడుగుదము. పుస్తకము ఉన్నయెడల తెరచి చూతము. ఒక మనుష్యుని మాట వినకముందే అతనికి తీర్పు తీర్చవచ్చునా యని నీకొదేము అధికారుల సభలో ఒంటరిగా లేచి అడిగెను. మన సంఘములలో ఆ ఒక్క ప్రశ్న అడుగువాడు ఒక్కడున్నను చాలును.

నోటిని కాచుకొనుమని మనము తరచుగా ప్రార్థించుచున్నాము. ఈ నెల చెవి కొరకు కూడ ప్రార్థింతము.